పుష్కరమునకొక కెమెరా

కృష్ణాతీరమున వెలసిన అమరావతీ స్తూపశిల్పములను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మదరాసునకు తరలించిన పిదప, పదమూడేండ్లకు, అనగా 1858లో, మదరాసు ప్రభుత్వమువారి ఛాయాగ్రాహకుడైన కెప్టెన్ లినేయస్ ట్రైప్ వానిని వెలుతురున నిలిపి ఛాయాచిత్రములు తీసెను. మరుసటి యేటనే ఆ శిలలలో పెక్కు ఓడనెక్కి లండనునకు పోయినవి. మన డెల్టాకు చెందిన తొలినాటి ఛాయాచిత్రములలో వీనికి గణ్యమైన స్థానము కలదు గాని, అవి డెల్టాలో తీసినవి కావు. కెమెరా రాళ్ళ కడకు రాలేదు. రాళ్ళే పుట్టిన చోటు విడిచి పట్టణము చేరిన పిదప కెమెరా కంటబడినవి. అది మొదలు నేటివరకు కృష్ణా మండలమున ఛాయాగ్రహణము నడచిన త్రోవను పరిశీలించినచో, అది కెమెరా మనుష్యుని యొద్దకు వచ్చిన త్రోవయే యని నాకు తోచును. పెద్ద స్టూడియోల పేర్లతో, బిరుదులు పొందిన ఛాయాగ్రాహకుల పేర్లతో ఈ చరిత్రను చెప్పుట పరిపాటి. కాలువగట్టును, కళ్ళమును, బస్సు స్టాండును, పెరటి జామచెట్టు క్రింద కూర్చున్న అమ్మమ్మను తీసినవారు ఆ పేరుగలవారు కారు. జేబులోనో, చేతిసంచిలోనో ఇమిడెడి చిన్న కెమెరా పట్టిన అభిరుచిపరులు. కావున ఈ చరిత్రను చిన్న కెమెరా చరిత్రగ చెప్పుటయే న్యాయము.

ఆ కాలపు పనిముట్ల సంగతి యెరిగినవారికి అమరావతి శిలల ఉదంతము వింతగ తోపదు. 1839లో పారిస్ నగరమున దాగేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైన పిదప నలుబది ఏండ్లపాటు ఛాయాగ్రహణమనునది గాజుపలకలతో, మందుసీసాలతో, చీకటి గుడారముతో, మోతకూలీలతో కూడిన యాత్రయే గాని ఒంటరిగ చేయదగిన వేడుక కాదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజుపై కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, అది ఆరకమునుపే కెమెరాలో పెట్టి, బొమ్మ పడిన వెంటనే అక్కడికక్కడ కడుగవలసి యుండెను. చలిదేశమున ఇందులకు పది నిమిషముల వ్యవధి దొరకునేమో గాని, వైశాఖమాసపు బెజవాడ యెండలో ఆ పూత ఎంత త్వరగ ఆరిపోవునో ఇచ్చటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. మదరాసులో 1856 నాటికే ఛాయాగ్రాహకుల సంఘమొకటి ఏర్పడినను, హైదరాబాదున నిజాము ఆదరమున రాజా దీనదయాళ్ 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ జనానా స్టూడియో నెలకొల్పినను, ఆ వైభవమంతయు రాజధానులది, దర్బారులది. పల్లపు సీమలో మోకాటిలోతు బురదలో నాట్లు వేయు కూలిస్త్రీకిని ఆ పెద్ద కెమెరాకును నడుమ దాటరాని దూరముండెను.

1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తియై, తరువాతి ఏడెనిమిదేండ్లలో బెజవాడ నాలుగు దిక్కుల రైళ్ళు కలియు కూడలి యైన పిదప, స్టూడియో అను వింతవస్తువు డెల్టా పట్టణములలో ఒక్కొక్కటిగ వెలసెను. వెనుక చిత్రించిన తెర. ఆ తెరపై మేడమెట్లు, పూలకుండీలు. ముందొక నగిషీ కుర్చీ, ప్రక్కన బల్ల, దానిపై ఎవరును చదువని లావుపాటి పుస్తకము. నల్లగుడ్డ కప్పుకొని మూడుకాళ్ళ స్టాండు వెనుక నిలిచిన ఫోటోగ్రాఫరు "కదలవద్దు" అని గద్దించుట. ఇది మన తాతల తరమునకు ఫోటో దిగుట. ఫోటో దిగినచో ఆయుస్సు తరుగునన్న భయము ఊళ్ళలో చాలకాలము నిలిచియుండెను. అందువలన ఎన్నో ఇండ్లలో గోడనున్న పూర్వికుని చిత్రము ఆయన బ్రతికియుండగా తీసినది గాక, పోయిన పిదప కుర్చీలో కూర్చుండబెట్టి తీసినదై యుండుట కద్దు. ఆ చిత్రములందు మనిషి ముఖమున్నది, నగలున్నవి, జరీ అంచున్నది. ఆయన నడచిన వీధి లేదు, దున్నిన పొలము లేదు, కూర్చున్న అరుగు లేదు. స్టూడియోవారి నైపుణ్యమును నేను తక్కువ సేయుటలేదు. ప్లేటుపై సన్నపాటి పెన్సిలుతో టచింగు చేసి మశూచి మచ్చలను మాపిన ఆ చేతులు గొప్పవి. కాని వారు చేసినది మనిషిని అతని చోటినుండి వేరుచేసి చూపుట. డెల్టా చరిత్రకు కావలసినది ఆ చోటు.

ఆ చోటు ఎట్టిదో చూడవలెనన్నచో హనుమాన్ జంక్షనును మించిన నెలవు లేదు. బెజవాడకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కూడలి నడిమిని ఆంజనేయస్వామి కోవెలతో, ఉత్తరమున నూజివీటికిని దక్షిణమున గుడివాడకును తూర్పున ఏలూరునకును త్రోవలు చీలు ఈ ఊరు, పేరునకు ఒక కూడలి మాత్రమే; భూమి లక్షణమును బట్టి చూచినచో రెండు సీమల సరిహద్దు. ఉత్తరమునకు పోయినకొలది ఎర్రనేల, మామిడితోటలు, మెట్టసేద్యము. దక్షిణమునకు దిగినకొలది నల్లరేగడి, వరిమళ్ళు, కాలువలు, చేపల చెరువులు. ఉత్తరమున తోటనీడలలో వెలుతురు ముక్కలుముక్కలుగ రాలును. దక్షిణమున దిగంతమువరకు అడ్డులేని ఆకాశము క్రింద పరచుకొనును. కెమెరాను, లెన్సును పరీక్షింపగోరువానికి ఒక్కపూట ప్రయాణములో ఈ రెండు వెలుగులును దొరకు తావు డెల్టాలో మరియొకటి నాకు తెలియదు. రైలు దిగువారికి స్టేషను పేరు నూజివీడు, ఊరు హనుమాన్ జంక్షను. ఈ కూడలిలో బస్సు మారి పెండ్లికో పుష్కరమునకో పోవుచు, మెడలో తోలుతొడుగు వ్రేలాడ నిలుచున్న యువకుడు 1960 నాటికి పెద్దగా కానరానివాడు, 1980 నాటికి అందరెరిగినవాడు. ఆ ఇరువది ఏండ్లలో జరిగినదే మన కథకు నడిమి భాగము.

అంతకుమునుపు పాశ్చాత్య దేశములలో జరిగిన మార్పులను రెండుమాటలలో చెప్పి దాటుదును. 1888లో జార్జి ఈస్ట్‌మన్ నూరు చిత్రముల చుట్టతో కోడక్ పెట్టెను అమ్మకమునకు పెట్టెను. 1900లో ఒక డాలరునకు బ్రౌనీ వచ్చెను. 1925 లైప్జిగ్ సంతలో, ఆస్కర్ బార్నాక్ కల్పించిన లైకా, సినిమా ఫిలిమును అడ్డముగ నడిపి 24×36 మిల్లీమీటర్ల చిన్న చట్రమున బొమ్మ పట్టి, పెద్ద ప్రింటు కావలెనన్నచో పెద్ద నెగెటివు అక్కరలేదని చాటెను. చిన్న నెగెటివు పెద్దదై నిలువవలెనన్న లెన్సు నిశితముగ నుండవలెను. ఆ పనికి 1902 నాటి టెస్సార్ వలె నాలుగు గాజుపలుకులను మూడు గుంపులుగ కూర్చిన నిర్మాణమే దశాబ్దములపాటు చిన్న కెమెరాలకు ప్రాణమైనది. ఇవన్నియు మన దేశమునకు దొరల వెంట, జమీందారుల వెంట, మదరాసు కొట్ల ద్వారమున చేరుచునే యుండినను, డెల్టాలో మధ్యతరగతి ఇంటి గడప త్రొక్కుటకు చాల ఆలస్యమైనది.

ఆ ఆలస్యమును కొలుచుటకు మనకొక చక్కని కొలమానమున్నది. బృహస్పతి కన్యారాశి ప్రవేశించినపుడు, పండ్రెండేండ్లకొకమారు, కృష్ణకు పుష్కరము వచ్చును. 1956, 1968, 1980, 1992, 2004, 2016: ఈ ఆరు పుష్కరములలో బెజవాడ ఘట్టములందు కనిపించిన కెమెరాలను తలచుకొనినచో చిన్న కెమెరా చరిత్ర తానే వరుసలో నిలుచును. 1956లో, ప్రకాశం బ్యారేజి ఇంకను కట్టుబడిలో నుండగా, కెమెరా పట్టినవాడు చాలమట్టుకు వృత్తివాడే. రోలైఫ్లెక్స్ వంటి జంటకంటి కెమెరా రొమ్మునకు ఆనించి, పైనుండి తొంగిచూచి, కుడిఎడమలు తారుమారైన బొమ్మను గమనించుచు, స్నానముచేసి వచ్చిన దంపతులను గట్టుపై నిలువబెట్టి తీసి, చిరునామా వ్రాసికొని, ప్రింటు టపాలో పంపుట అతని వ్యాపారము. 1968 నాటికి ఘట్టముపై క్రొత్తవాడు చేరినాడు. అతనికి ఫోటో జీవనోపాధి కాదు. అతడు గుమాస్తా కావచ్చును, బడిపంతులు కావచ్చును, కాలేజీ విద్యార్థి కావచ్చును. అతని చేతిలోనిది బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వారు అగ్ఫా పేర తయారుచేసిన క్లిక్-3.

ఈ పెట్టెను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. ఏలయన, తెలుగునాట ఒక తరమంతయు అక్షరాభ్యాసము చేసినది దీనితోనే. విదేశీ మారకద్రవ్యపు కొరతచేత దిగుమతులు బిగిసిపోయిన ఆ దినములలో సామాన్యుడు కొనగల కెమెరా ఇదియే. నల్లని పెట్టె, ముందొక సాదా లెన్సు, దానికి రెండే రంధ్రములు: ఎండకొకటి, మబ్బునకొకటి. షట్టరు వేగము ఒక్కటే. 120 సైజు రీలులో పండ్రెండు చిత్రములు పడును. రీలు వెనుకనున్న కాగితముపై అచ్చువేసిన అంకె వీపుననున్న ఎర్రగాజు గవాక్షమున కనబడువరకు మరను త్రిప్పవలెను. త్రిప్పుట మరచినవానికి ఒకే చట్రమున మామగారును ఎడ్లబండియు కలిసి పడుదురు. ఎండలో ఆ ఎర్రగవాక్షమును అరచేతితో కప్పి త్రిప్పవలెనని తెలిసినవాడు అనుభవశాలి క్రింద లెక్క. సూర్యుడు వీపు వెనుక నుండవలెను, మనిషి ఆరడుగుల దూరమునకు తక్కువ కాగూడదు, మీట నొక్కునపుడు ఊపిరి బిగపట్టవలెను: ఇంతియే శాస్త్రము. ఈ మూడు నియమములకు లోబడి తీసిన చిత్రము ఆరు సెంటీమీటర్ల చదరపు నెగెటివుపై పడుటచే, ఎన్‌లార్జరు అవసరము లేకయే కాంటాక్టు ప్రింటుగ వేయించి ఆల్బములో అతికించుకొనుటకు చాలియుండెను. సాదా లెన్సు కావున చిత్రపు నడిమి భాగము తేటగను, అంచులు మెత్తగను ఉండెను. ఆ మెత్తదనమును దోషమని నేననను. ఆ కాలపు పెరటి చిత్రములలో ముఖము తేరి, వెనుక పాక చూరును గడ్డివామియు కొంచెము కరగినట్లుండుట నేటికిని కంటికి హితవుగనే యున్నది.

రీలు ఖరీదు మాత్రము హితవైనది కాదు. ఉదకమండలమున 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అను ప్రభుత్వ సంస్థ 1967లో ఉత్పత్తి మొదలిడి, ఇందు అను పేర నలుపు తెలుపు ఫిలిమును దేశమునకందించిన పిదప కొంత ఊరట కలిగినను, పండ్రెండు చిత్రముల రీలు నెలజీతగానికి ఆలోచించి కొనవలసిన వస్తువే. అందుచేత చిత్రమునకు ముందు ఆలోచనయుండెను. ఒక్కొక్క రీలు సంక్రాంతికి మొదలై ఉగాదికి ముగియుట సాధారణము. కడిగించినపుడు ఒకే చుట్టలో భోగిమంటయు వేపపూతయు వరుసగ కనబడెడివి.

ఆ కడుగుట యొక పెద్ద కార్యము. మందుల పొట్లములపై ముద్రించిన ఉష్ణోగ్రత ఇరువది డిగ్రీలు; కృష్ణా డెల్టాలో ఏప్రిల్ వచ్చినది మొదలు కొళాయి నీరే ముప్పది దాటును. వేడినీట ఫిలిముపైని జెలటిన్ పూత ఉబ్బి మెత్తబడి, వ్రేలు తగిలిన చోట జారిపోవును. అందువలన వేసవిలో చీకటిగదివారు ఐసుఫ్యాక్టరీ నుండి ముక్క తెప్పించి, డెవలపరు పళ్ళెమును ఐసునీటి తొట్టిలో నిలిపి, రాత్రి చల్లబడిన పిదప పని మొదలుపెట్టెడివారు. వానకాలమున చిక్కు మరియొక తీరు. కృష్ణ ఎర్రనీరు కాలువలలోనికి వచ్చినపుడు, ఎంత వడగట్టినను సన్నని ఒండ్రు నెగెటివుపై అంటి, ప్రింటులో తెల్లని చుక్కలై తేలెడిది. బొమ్మను నిలుపు హైపో మందు పూర్తిగ పోవుటకు పారునీట చాలసేపు కడుగవలెను. నీరు చాలక ముగించిన ప్రింటులు కొలది ఏండ్లకే పసుపెక్కినవి. పాత ఆల్బములు త్రిప్పునపుడు పసుపెక్కిన చిత్రము కనబడినచో, అది ఏ వేసవిలోనో, కాలువలు కట్టివేసిన దినములలో కడిగినదై యుండునని నేనూహింతును.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన డెల్టాలో కెమెరాకు మరియొక బాధ్యతను చూపెను. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకొనిపోయి వేలమంది మరణించిన ఆ దినముల చిత్రములు పత్రికలలో వచ్చినపుడు, ఫోటో అనునది పండుగకును పెండ్లికిని మాత్రమే కాదని సామాన్యులకు తెలియవచ్చెను. ఇండ్లు కోల్పోయినవారు వెదకుకొనిన వస్తువులలో ఫోటోలు కూడ నుండుట సహజము. పోయిన బిడ్డ ముఖము మరియెచ్చటను మిగులని ఇండ్లు ఎన్ని యుండెనో తలచుకొనినచో మనస్సు కలగును.

1980 పుష్కరమునాటికి కథ మలుపు తిరిగినది. గుడివాడ, గన్నవరము, ఉయ్యూరు ప్రాంతముల నుండి వైద్యులును ఇంజనీర్లును అమెరికాకు, మరికొందరు గల్ఫు దేశములకు పోవుట మొదలై అప్పటికి కొన్నేండ్లు గడచినవి. వారు సెలవులకు వచ్చునపుడు పెట్టెలో చీరల మడతల నడుమ జపాను కెమెరా వచ్చెడిది. యాషికా ఎలక్ట్రో, కెనొనెట్, ఒలింపస్ ట్రిప్: ఈ పేర్లు బెజవాడ గవర్నరుపేట కొట్లలోకంటె ముందు డెల్టా పల్లెల చావిళ్ళలో వినబడినవి. వీనిలో ఒలింపస్ ట్రిప్-35ను చేతబట్టి చూచినవానికి చిన్న కెమెరా అనగా నేమో తెలియును. లెన్సు చుట్టును తేనెపట్టు గదులవలె గరుకుగ మెరయు సెలీనియం గాజు కలదు. అది వెలుగు సోకినంతనే స్వల్పముగ విద్యుత్తు పుట్టించి, ఆ బలముతోనే సూదిని కదల్చి, రంధ్రమును షట్టరు వేగమును తానే నిర్ణయించును. బ్యాటరీ లేదు. చీకటి చాలయైనచో మీట దిగదు. చూపుగాజులో చిన్న ఎర్రజెండా లేచి నిలుచును. దూరము కొలుచుటకు లెన్సు కట్టుపై నాలుగు బొమ్మలు: ఒక శిరస్సు, ఇద్దరు మనుష్యులు, గుంపు, కొండ. ఇంగ్లీషు రానివారికి సైతము ఈ లిపి ఒక నిమిషమున పట్టువడెడిది. 40 మిల్లీమీటర్ల లెన్సు నాలుగు పలుకులతో నిర్మితమై, వరిమడి గట్టున నిలిచిన మనిషి కంటిరెప్పల వెండ్రుకలను గూడ పట్టగలిగెను. క్లిక్-3 ఎండ యున్నచోటికి మనిషిని పిలిచెను. ట్రిప్ మనిషి యున్నచోటికే పోయెను. వంటింటి గుమ్మము, పంచపాళి నీడ, బస్సు కిటికీ మొదటిసారి చిత్రమునకు దక్కినవి ఈ తరగతి కెమెరాల వలననే.

అభిరుచిపరుడన్న మాటకు నిజమైన అర్థము కూడ ఈ దశలోనే ఏర్పడెను. అంతవరకు కెమెరా యున్నవాడు ఫోటోలు తీసెను. ఇప్పుడు ఒకని కెమెరాను మరొకడు అరువడిగి, ఒకే గుడిగోపురమును రెండు లెన్సులతో తీసి, ప్రింటులు ప్రక్కప్రక్కన పెట్టి వాదించుట మొదలైనది. ఒలింపస్ పెన్ అనునది, 1959లో మైతానీ యోషిహిసా రూపకల్పన చేసినది, చట్రమును సగము చేసి 36 చిత్రముల రీలులో 72 తీయుట కనువైనది. పొదుపరులు దానిని మెచ్చుకొనిరి, ప్రింటు పెద్దది చేయగోరువారు పెదవి విరిచిరి. సోవియట్ దేశపు జెనిట్ కెమెరాలు బరువైనవైనను వానితో వచ్చిన హీలియోస్ 58 మిల్లీమీటర్ల లెన్సును ప్రేమించినవారుండిరి. 1953లో బెంగుళూరున జి. థామస్ పూనికతో ఏర్పడిన భారత ఛాయాగ్రాహక సమాఖ్య దేశమంతట సలోన్లను, అనగా ఛాయాచిత్ర ప్రదర్శనలను, ప్రోత్సహించుచుండగా, మన ప్రాంతపు ఔత్సాహికులును ప్రింటులను అట్టలకు అతికించి టపాలో పంపి, తిరిగివచ్చిన అట్ట వెనుకనున్న ముద్రలను భద్రపరచుకొనిరి. తెనాలి ప్రాంతపు తుమ్మపూడిలో సంజీవదేవ్ వంటి చిత్రకారుడు, తత్త్వచింతకుడు కెమెరాపైని గూడ మక్కువ చూపెననుట, ఈ అభిరుచి ఎట్టి సంస్కారవంతులను ఆకర్షించినదో తెలుపును.

1992 పుష్కరపు చిత్రములను గూర్చి నాకంతటి ఆదరము లేదు. హాట్‌షాట్ వంటి ప్లాస్టికు పెట్టెలు రంగుఫిలిమును, ఫ్లాషును అందరికి అందుబాటులోనికి తెచ్చినవి. అది గొప్ప మేలే. వానిలో లెన్సు కదలదు. లెన్సు నాభ్యంతరము చిన్నదై రంధ్రము సన్ననిదైనపుడు అయిదడుగులు మొదలుకొని కొండవరకు అన్నియు ఓమోస్తరుగ తేరును గనుక దూరము కొలువనక్కరలేదు. కాని ఓమోస్తరుగ తేరుటతోనే తృప్తిపడుట అలవాటైనది. ముఖముపై ఫ్లాషు తెల్లగ కొట్టి, వెనుక కృష్ణ నల్లని గోడయై నిలిచిన చిత్రములు ఆ పుష్కరమునకు మిగిలినవి. ల్యాబులో గంటలో ప్రింటు వచ్చుచుండగా చీకటిగదిలో రాత్రి మేలుకొనువారు తగ్గిపోయిరి.

2004లో డిజిటల్ కెమెరాలు ఘట్టములపై పలచగ తోచినవి. 2016లో, ఆగస్టు 12 మొదలు పండ్రెండు దినములు, అరచేతి ఫోనులు అన్నిటిని కప్పివేసినవి. ఈ రెంటి నడిమి కాలమే చిన్న కెమెరాకు మరియొక వసంతము. 2009లో పానసోనిక్ వారి జి.ఎఫ్-1తో వచ్చిన 20 మిల్లీమీటర్ల పలుచని లెన్సు, 2011 నాటి ఫ్యూజీ ఎక్స్-100, 2012 నాటి సోనీ ఆర్.ఎక్స్-100 ఇవన్నియు పాత ట్రిప్ కెమెరా వంశమువే; జేబులో పట్టి, పెద్ద కెమెరాకు చేరువగ నిలుచునవి. అద్దము లేని కెమెరాలలో లెన్సునకును సెన్సారునకును నడుమ ఎడము తగ్గుటచే, ఆ ఎడమును పూరించు ఉంగరమొకటి తగిలించి, అటకమీది హీలియోస్ వంటి పాత లెన్సులను మరల వెలికితీయుట సాధ్యమైనది. నూజివీడు దారిలో, మామిడితోట నీడన, ఆ లెన్సును పూర్తిగ తెరచి ఒక మనిషిని తీసినచో, ఆకుల సందులలోని వెలుగుచుక్కలు గుండ్రని బిళ్ళలై, చిత్రమధ్యము చుట్టును సుడి తిరిగినట్లు వంగి నిలుచును. కొలతలు వ్రాయు గ్రంథములలో ఇది లోపముగ నమోదైనది. తోటలో నిలిచి చూచినవాడు దానిని లోపమని ఒప్పుకొనడు. అదే లెన్సుతో గుడివాడ దారిని దిగి, అడ్డులేని వరిచేనిని తీసినచో ఆ సుడి కానరాదు; ఆకాశపు వెలుగు లెన్సులో దూరి చిత్రమంతయు పాలిపోవును. పాత లెన్సుల పూతలు పలుచనివి. పల్లపు సీమ వెలుగునకు ఆగవు. ఈ తేడా తెలియుటకు మూడు గంటలును ఒక బస్సు టిక్కెట్టును చాలును. ఏ పట్టికయు ఇది చెప్పదు.

కైకలూరు దగ్గరి ఆటపాకలో మరియొక పరీక్ష జరుగుచున్నది. 1999లో కొల్లేరు అభయారణ్యమై, 2002లో రాంసార్ జాబితాకెక్కిన పిదప, గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను చూచుటకు వచ్చు ఔత్సాహికుల చేతులలో, 2015లో వెలువడిన నికాన్ పి-900 వంటి కెమెరాలు కనబడసాగినవి. చేతిలో ఇమిడెడి పెట్టెకు 2000 మిల్లీమీటర్ల లెన్సునకు సమమైన దూరదృష్టి! పూర్వము ఇంతటి చూపునకు మనిషి మోయలేని గొట్టము కావలసియుండెను. ఐనను ఉదయము తొమ్మిది దాటిన పిదప ఆ చూపు వ్యర్థము. ఎండ వేడికి నీటిమీది గాలి మరగి అలలాడుచుండగా, పక్షి ఈక ఒక్కటియు నిలకడగ నిలువదు. పెంచినకొలది పెరుగునది పక్షి కాదు, గాలి. తెల్లవారకమునుపే పడవరేవు చేరి, మంచు విడుచుచుండగా దగ్గరకు వచ్చిన గూడబాతును మధ్యరకపు లెన్సుతో తీసినవాని చిత్రము, మిట్టమధ్యాహ్నమున దూరపు గూటిని తీసినవాని చిత్రముకంటె ఎప్పుడును తేటయైనది.

డెల్టా గాలి లెన్సులకు శత్రువనుట కూడ ఇచ్చటనే చెప్పవలెను. కాలువలు, చెరువులు, ఉప్పుగాలి కలిసిన ఈ సీమలో తోలుతొడుగున మూసి బీరువాలో దాచిన లెన్సునకు రెండు వర్షాకాలములలో బూజు పట్టును. ఎండవైపు పట్టి చూచినచో గాజు లోపలి అంచునుండి సన్నని తెల్లని నూలుపోగులు కొమ్మలు వేయుచు నడిమికి ప్రాకుట కనబడును. విలువైనదని తోలుసంచిలో దాచినవాని లెన్సు చెడి, ప్రతిదినము వాడి ఎండ చూపినవాని లెన్సు నిలిచినది. సిలికా పొట్లము వేసి గాలిచొరని డబ్బాలో పెట్టుట నేటి విధానము. ట్రంకుపెట్టెలలోని నెగెటివుల గతియు ఇంతియే. జెలటిన్ బూజునకు మంచి ఆహారము. పసుపెక్కిన ప్రింటులు గోడలపై మిగిలినను, వానికి మూలమైన నెగెటివులు ఏటేట కొన్ని చొప్పున జిగురై ఒకదాని కొకటి అంటుకొని పోవుచున్నవి.

అందుచేత ఇప్పుడు చిన్న కెమెరా గలవారు చేయదగిన పని యొకటున్నది: మిగిలిన పాత నెగెటివులను కెమెరాతో తీసి భద్రపరచుట. హనుమాన్ జంక్షను చుట్టుపట్ల ఊళ్ళలో ఏ ఇంటనైనను ఒక మధ్యాహ్నమున ముగియును. క్లిక్-3 నెగెటివు ఆరు సెంటీమీటర్ల చదరమగుటచే దానికి ప్రత్యేక యంత్రము అక్కరలేదు. తెల్లని వెలుగు వచ్చు ఫోను తెరపై నొక పాలరంగు ప్లాస్టికు పలకనుంచి, తెర చుక్కలు పడకుండ నెగెటివును దానికి రెండంగుళములు పైకెత్తి నిలిపి, దగ్గరి వస్తువులను తీయు మాక్రో లెన్సుతో నిటారుగ పైనుండి తీసి, తరువాత కంప్యూటరులో నలుపు తెలుపులను తారుమారు చేసినచో చాలును. బూజు పట్టినదానిని నీట కడుగరాదు, పూత లేచిపోవును. మెత్తని కుంచెతో దుమ్ము మాత్రము దులుపవలెను. అన్నిటికంటె ముందు తీయవలసినది నెగెటివును కాదు, దానిని పెట్టిన కాగితపు కవరును. స్టూడియో ముద్ర, తేదీ, పెన్సిలుతో వ్రాసిన ఇంటిపేరు దానిపైననే యుండును. కవరు చినిగినదని పారవేసిన ఇండ్లలో, చిత్రము చక్కగ తేరియు, అందున్న పదిమందిలో ఒక్కరి పేరైనను చెప్పగలవారు లేకపోవుచున్నారు. కావున ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క ముఖమునకు పేరు వ్రాసికొనుచు ఈ పని సాగింపవలెను.